కాస్త చెమ్మగా ఉంది

స్కార్ బెక్, బారోడేల్ లోయ
1965 జూన్ 9

ఒరేయ్ విల్ఫ్,

బతికే ఉన్నావా? ఫిబ్రవరి తర్వాత నీ దగ్గర్నుంచి అక్షరం ముక్క లేదు. మీ ఆవిడ నోరీన్‌కి నా మీద కోపమొచ్చిందా, లేక మీ క్వీన్స్‌లాండ్‌లో సిరా ఎండిపోయిందా? నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. వాటి సంగతి అడక్కు. ఈ వానలకి మన దొడ్డి తలుపూ నా మోకాళ్ళూ ఒకే రాగం తీస్తున్నాయి.

వాన. ఇక్కణ్ణుంచి ఇంకేం రాయను? ఈస్టర్ నుంచి ఆరిన తువ్వాలు చూసి ఎరగను. కొండలెక్కుతామని మాంచెస్టర్ నుంచి వచ్చినవాళ్ళు నేను అద్దెకిచ్చే పై గదుల్లో దిగారు. వాళ్ళ ఉన్ని మేజోళ్ళన్నీ పొయ్యి మీది దండేనికి వేలాడుతున్నాయి. వాటి నీళ్ళు నా సూపులో పడుతున్నాయి. నిన్న వాళ్ళలో ఒకావిడ కిటికీలోంచి చూసి, "తెరిపిచ్చేట్టుందండీ" అంది. పాపం, కొత్త. టిఫిను తినకుండా పరిగెత్తింది. పావుగంటలో తిరిగొచ్చింది, టోపీలో నీళ్ళతో.

పక్కింటి ఐజాక్ కాలవ మళ్ళీ పూడిపోయింది. ఆ నీళ్ళన్నీ నా పెరట్లోకే. పోట్లాటకి వెళ్ళాను. నెత్తిమీంచి ముక్కు మీదికి ధార కారుతుండగా, "ఇదీ ఒక వానేనా హెట్టీ? బాతులకి మంచి రోజు" అన్నాడు. మనిషా, బాతా?

నీ గది అలాగే ఉంది. ఎంతమంది వచ్చినా ఆ గది మాత్రం ఎవరికీ ఇవ్వను. నువ్వెళ్ళి పదహారేళ్ళవుతోంది. జోసీకి నాలుగేళ్ళొచ్చాయి, మేనత్త మొహం ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలీదు. నాన్న పోయాక ఈ ఇంట్లో నాతో పోట్లాడే దిక్కు లేదు, అందుకే ఐజాక్ మీద పడుతున్నాను. ఉన్నమాట చెప్పేస్తున్నా: నువ్వు వచ్చేస్తే బాగుణ్ణురా.

తడిసి ముద్దయిన నీ అక్క,
హెట్టీ


మల్గా బోర్, పశ్చిమ క్వీన్స్‌లాండ్
1965 జూన్ 28

అక్కా,

తిట్టకు. రాయకపోవడం బద్ధకం వల్ల కాదు. ఇక్కడ కాస్త పొడిగా ఉంది, అందుకని పని ఎక్కువైంది. గొర్రెలకి గడ్డి సరిపోక మల్గా చెట్ల కొమ్మలు నరికి వేస్తున్నాం. పొద్దున పట్టిన గొడ్డలి సాయంత్రానికి గానీ దించడం లేదు. బోరు నీళ్ళున్నాయి. కుళ్ళిన గుడ్ల కంపు కొడతాయి గానీ గొర్రెలకి అలాంటి పట్టింపులు లేవు. నోరీన్ కంచాలు బోర్లించి పెడుతుంది, దుమ్ము పడకుండా. వడ్డించేటప్పుడు తిప్పుతుంది. తిప్పి వడ్డించేలోపు కూడా పడుతుందనుకో, అది వేరే సంగతి.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే జోసీ వింది. "నాన్నా, మేజోళ్ళలోంచి నీళ్ళెలా వస్తాయి?" అంది. ఈ పిల్ల పుట్టాక మా దగ్గర చెప్పుకోదగ్గ వాన పడలేదు. వాన అంటే ఏమిటో చెప్పబోయాను. నీళ్ళు పైనుంచి వస్తాయన్నాను. ఎవరు పోస్తారంది. అక్కడితో నా తెలివి అయిపోయింది.

అక్కా, నాకో పని చేసిపెట్టు. వాన గురించి రాయి. తిట్టుకుంటూనే రాయి. మన లోయలో ఎన్ని రకాల వానలు, దేన్ని ఏమంటాం, అన్నీ రాయి. నేను సగం మరిచిపోయాను. మొన్న 'మిజిల్' అన్న మాట ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. గొడ్డలి పట్టుకుని చెట్టు కింద అలాగే నిలబడిపోయాను.

ఇంకో మాట. మా వేసవి డిసెంబర్లో మొదలవుతుంది, వాన పడితే అప్పుడే పడాలి. ఫిబ్రవరి ఆఖరికి కూడా పడకపోతే ఇక్కడ ఎత్తేసి మన ఊరు వచ్చేద్దామని నోరీనూ నేనూ అనుకుంటున్నాం. ఇంకా అనుకోవడమే. ఎవరికీ చెప్పకు.

నీ తమ్ముడు,
విల్ఫ్


స్కార్ బెక్
1965 జూలై 15

విల్ఫ్, విల్ఫ్, విల్ఫ్!

వచ్చేస్తున్నారా! ఎవరికీ చెప్పొద్దన్నావు, ఐజాక్‌కి ఒక్కడికే చెప్పాను. పోస్టాఫీసులో చెప్పింది ఐజాక్. అక్కణ్ణుంచి లోయంతా పాకితే నా తప్పేముంది?

సరే, వాన అడిగావు గదా, పట్టుకో. జోసీని ఒళ్ళో కూచోబెట్టుకుని చదువు. అన్నిటికంటే చిన్నది మిజిల్. (మిజిల్ మరిచిపోయావా! నీ ఒంట్లో ఉన్నది మన రక్తమేనా?) అది పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది. పడుతున్నట్టే తెలీదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కనుబొమ్మల మీద కూచుని ఉంటుంది. ఆ తర్వాతది ఉమ్మడం. "ఉమ్ముతోంది" అంటే చినుకు ఇక్కడొకటి, అక్కడొకటి. దేవుడు పళ్ళు తోముకుంటూ కిందికి తొంగి చూశాడనుకో, అదీ. ఉమ్ముతుంటే బట్టలు దండెం మీంచి తియ్యాలా వద్దా అని అమ్మమ్మా నాన్నా పోట్లాడుకుని వారం పాటు నీ ద్వారా, నా ద్వారా మాట్లాడుకున్నారు, గుర్తుందా? "మీ నాన్నని ఉప్పు అందించమను." "మీ అమ్మమ్మని లేచి తీసుకోమను." ఇద్దరి మధ్యా ఉప్పు డబ్బా.

ముసురు సంగతి నీకు చెప్పక్కర్లేదు, అందులోనే పుట్టావు. జల్లు అన్నది రేడియోలో వాతావరణం చదివే ఆయన సొత్తు. "అక్కడక్కడా జల్లులు" అంటాడు. ఆ 'అక్కడ' ఎప్పుడూ నా పెరడే. గట్టిగా పడితే బకెట్లతో కుమ్మరిస్తోందంటాం. ఇంకా గట్టిగా పడితే మెట్ల కడ్డీలు. పెద్దిళ్ళలో మెట్ల మీద తివాచీ జారకుండా ఇత్తడి కడ్డీలు బిగిస్తారే, అవి. అంత నిటారుగా, అంత లావుగా దిగుతుందన్నమాట. అదీ దాటితే కుక్కలూ పిల్లులూ పడుతున్నాయంటాం. ఎందుకంటామో నన్నడక్కు, మా స్కూల్లో టీచరమ్మని అడిగితే గోడ కుర్చీ వేయించింది. కుక్కలూ పిల్లులూ పడే రోజున మాత్రం ఎవరూ గడప దాటరు, ఐజాక్ తప్ప.

వీటన్నిటికీ పైన నాన్నది ఒకటుంది. వాగు వంటింట్లోకి వచ్చేసిన ఏడు గుర్తుందా? కోళ్ళు అలమారా మీద, నువ్వు కిటికీ గట్టు మీద, నేను గుర్రం దాణా డబ్బా మీద. నాన్న బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూచుని పైపు వెలిగిస్తున్నాడు. పాస్టరు గారు గొంతు దాకా తడిసి కిటికీ దగ్గరకొచ్చి, "ఎలా ఉన్నారు బిర్కెట్ గారూ?" అంటే, "కాస్త చెమ్మగా ఉందండీ" అన్నాడు. సరేనని ఆయన వెళ్ళిపోయాడు!

ఓడలో పార్సెల్ పంపుతున్నాను. ముగ్గురికీ మూడు రెయిన్‌కోట్లు, జోసీది ఎర్రది. నాన్న నల్ల గొడుగు కూడా అందులోనే పెట్టాను. ఎలాగూ వస్తున్నారు, ముందే అలవాటు చేసుకోండి.

నేల మీద కాళ్ళు నిలవని
హెట్టీ


మల్గా బోర్
1965 ఆగస్టు 4

అక్కా,

నీ ఉత్తరం మేవిస్ బార్లో చదివాను. ఊళ్ళో నీడున్న చోటు అదొక్కటే, అందరూ అక్కడే ఉంటారు. మొదట నాలో నేను చదువుకుంటుంటే, "ఏంటయ్యా ఒక్కడివే నవ్వుకుంటున్నావ్? మాకూ చెప్పు" అంది మేవిస్. చదవక తప్పలేదు. ఇంక చూస్కో, గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా లేదు. ముసలి క్లార్రీ అని, ఊరూరా తిరిగి గొర్రెల ఉన్ని కత్తిరిస్తాడు, చెవుడు. నా పక్కకి స్టూలు లాక్కుని, "ఆ పక్కనుంచి వచ్చేది మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. ఇంకోసారి అన్నాడు.

మెట్ల కడ్డీలు మాత్రం ఎవరికీ ఎక్కలేదు. మల్గా బోర్‌లో మేడ ఉన్న ఇల్లే లేదు. ఇక్కడి వాళ్ళకి వాన మాటలు తక్కువ అక్కా. "నాలుగు చుక్కలు రాలాయి" అన్నారంటే వంతెన కొట్టుకుపోయిందని అర్థం. వాన కావాలంటే ఆకాశం కేసి చూసి, "దించరా హ్యూయీ!" అని అరుస్తారు. ఈ హ్యూయీ ఎవరని అడిగాను. దేవుడని ఒకడన్నాడు, కాదు దేవుడి గుమాస్తా అని ఇంకొకడన్నాడు. ఎవరైనా గానీ, ఈమధ్య డ్యూటీకి రావడం లేదు.

ఐజాక్ అందరికీ తెగ నచ్చేశాడు. నీ పెరటికి అడ్డంగా రాళ్ళు పేర్చి ఆ నీళ్ళు అతని వైపే మళ్ళించమని మేవిస్ చెప్పమంది. క్లార్రీకి వేరే అనుమానముంది. నువ్వొచ్చి తిట్టాలని ఐజాక్ కావాలనే కాలవ పూడుస్తున్నాడట.

జోసీ వరండాలో అట్టపెట్టె పెట్టి, అందులో నోరీన్ పాత శాలువా పరిచింది. ఎందుకే అంటే, పిల్లి పడితే దెబ్బ తగలకుండా అంది. రోజూ లేవగానే ఆకాశం చూస్తుంది. కుక్క పడినా ఫర్వాలేదు గానీ పిల్లయితే బాగుంటుందట.

విల్ఫ్


స్కార్ బెక్
1965 ఆగస్టు 22

శ్రీయుత విల్ఫ్రెడ్ బిర్కెట్ గారికి,

నా ఉత్తరం బార్లో చదివావా! తాగుబోతుల మధ్య! నా సూపు, నా మోకాళ్ళు, మన అమ్మమ్మ ఉప్పు డబ్బా, అన్నీ పరాయి దేశం పాలు చేశావు. సిగ్గు లేదుట్రా? ఆ క్లార్రీ గారికి చెప్పు, ఐజాక్‌కి డెబ్బై దాటాయనీ, పళ్ళు మూడే ఉన్నాయనీ, ఆ మూడూ ఒకదానికొకటి ఎదురుపడవనీ. అనుమానమట అనుమానం.

మేవిస్ గారికి మాత్రం నా నమస్కారాలు చెప్పు. రాళ్ళ ఉపాయం అద్భుతంగా పనిచేసింది. ఐజాక్ వంటింట్లో బాతు ఈదుతోంది. కాలవ ఆ మర్నాడే తవ్వేశాడు.

నీ మీద కోపం ఇప్పటికింతే, వచ్చాక ఎదురుగా నిలబెట్టి మిగతాది చూస్తాను. మీ గదికి సున్నం వేయించాను. దాని పక్కన చిన్న గది జోసీకి. కిటికీకి పచ్చ కర్టెన్లు కుట్టాను, వంకరగా వచ్చాయి గానీ పిల్లకేం తెలుస్తుంది. క్వారీలో నీకు పనుంటుందేమో కనుక్కున్నాను. ఉంటుందన్నారు. మంచి బూట్లు తెచ్చుకోమన్నారు.

మనసులో మాట చెప్పనా? ఫిబ్రవరి దాకా మీకు వాన రాకూడదని రోజూ దేవుడికి మొక్కుకుంటున్నాను. నవ్వు, నవ్వు. కొంచెం పొడిగా ఉంటే ఏం మునిగిపోయిందిరా? ఆ పొడి కోసం ఇక్కడ మేం మొహం వాచి ఉన్నాం. ఆ హ్యూయీని మరో ఆర్నెల్లు పడుకోమను. నాకు నా తమ్ముడు కావాలి.

హెట్టీ


మల్గా బోర్
1965 అక్టోబర్ 17

హెట్టీకి,

పార్సెల్ వచ్చింది. జోసీ ఎర్ర కోటు వేసుకుని విప్పనంది. లోపల ఒళ్ళంతా చెమట పొక్కులు పొక్కాయి. నోరీన్ ఆ కోట్లు చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. నాన్న గొడుగు మేవిస్ అడిగితే ఇచ్చేశాను. బార్లో గోడకి మేకేసి తగిలించారు. వచ్చిన ప్రతివాడూ దాన్ని చూసి నవ్వుతున్నాడు.

కోట్లు పంపితే ఎగతాళి అనుకోలేదు. నీకు తెలీక పంపావనుకున్నాను. వాన రాకూడదని మొక్కుకున్నావని చదివాక ఏమనుకోవాలో నాకు తెలీడం లేదు. ఆ ఉత్తరం బార్లో చదవలేదులే, నీకు ఆ భయం అక్కర్లేదు. క్లార్రీ అడిగితే రాలేదని చెప్పాను.

ఇక్కడ కాస్త పొడిగానే ఉంది. గొర్రెలు కాస్త తగ్గాయి. నోరీన్ కాస్త చిక్కింది. నాకూ కాస్త అలసటగా ఉంది.

విల్ఫ్


స్కార్ బెక్
1965 అక్టోబర్ 30

నా బంగారు తండ్రీ, విల్ఫ్,

నీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది. ఆ కోట్ల కోసం వానలో కెస్విక్ బజారు దాకా వెళ్ళొచ్చాను, దానికిదా ఫలితం అని బల్ల మీద విసిరి కొట్టాను. అతిథులకి గుడ్లు వేయిస్తూ నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకుంటుంటే నీ ఆఖరి మాట మళ్ళీ చెవిలో పడింది. గుడ్లు మాడిపోయాయి. మాడితే మాడాయి.

నాన్న అదే మాట అన్నాడురా. పోయిన రోజున గొర్రెల్ని కొండ మీంచి దించుకొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి, "కాస్త అలసటగా ఉంది హెట్టీ, ఓ కునుకు తీస్తా" అన్నాడు. సరే పడుకో, టీ అయ్యాక లేపుతానన్నాను. లేపడానికి వెళ్ళాను.

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూచున్నాను. జూన్‌లోనే రాశావు, కాస్త పొడిగా ఉందని. నేనెంత మొద్దునిరా! నడుం లోతు నీళ్ళని కాస్త చెమ్మ అన్న మనిషి కొడుకువి నువ్వు. నీ నోటి నుంచి 'కాస్త' వచ్చిందంటే కొంపలంటుకున్నాయని నాకు కాకపోతే ఇంకెవరికి తెలియాలి? నాన్న కథ నా చేత్తో నేనే రాసి పంపాను. పంపి, నీకు రెయిన్‌కోట్లు కొన్నాను. నీ గొర్రెలు చస్తుంటే వాన రాకూడదని మొక్కుకున్నాను. నోరీన్ తలుపేసుకుందంటే వేసుకోదా మరి! నా తరఫున ఆ పిల్ల చేతులు పట్టుకో.

మొక్కు వెనక్కి తీసుకున్నాను. చర్చికి వెళ్ళి, ఈ మోకాళ్ళతో మోకరించి, స్వామీ, మా దగ్గర అక్కర్లేని వాన కొండలకొద్దీ ఉంది, అదంతా వాళ్ళకి పంపించు అన్నాను. వాళ్ళు ఇక్కడికి రాకపోయినా సరే అని కూడా అన్నాను. మొదటిసారి దాన్ని దగ్గుగా మార్చేశాను. రెండోసారికి అనగలిగాను.

ఇప్పుడు ఇలాగే ఆగు. ఈ కాగితం పట్టుకుని పెరట్లోకి వెళ్తున్నాను.

వచ్చాను. ఇదిగో, పైన సిరా అలుక్కుపోయిన చోటల్లా మన వాన. ముసురుకీ జల్లుకీ మధ్యది. కుడి పక్కన ఉన్న పెద్ద మరక చూరు మీంచి జారింది, దాన్ని లెక్కలోకి తీసుకోకు. జోసీని వేలు పెట్టి తాకమను. ఐజాక్ గోడ మీంచి చూసి, "ఏంటి హెట్టీ, ఉత్తరానికి స్నానం చేయిస్తున్నావా?" అన్నాడు. సంగతి చెప్పాను. టోపీ తీసి, అంచున నిలిచిన నీళ్ళు జాగ్రత్తగా ఈ మూల మీద ఒంపాడు. "నా తరఫున కూడా పంపించు" అన్నాడు.

ఇక నుంచి నాతో 'కాస్త' అనకు. నిజం రాయి.

హెట్టీ


మల్గా బోర్
1965 నవంబర్ 21

అక్కా,

నీ ఉత్తరం బార్లో చదివాను. తిట్టుకో. ఈసారి చదవడం అయ్యాక అది చేతులు మారింది. క్లార్రీ అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని మరీ అందుకున్నాడు. "ఇది పక్కనుంచి వచ్చేదేనా?" అన్నాడు. కాదు, ముసురుకీ జల్లుకీ మధ్యదని చెప్పాను. మేవిస్ వాసన చూసింది. ఐజాక్ ఒంపిన మూల దగ్గర అందరూ కాసేపు ఆగారు. జోసీ అయితే నాలికతో తాకి చూసి, ఏ రుచీ లేదని చెప్పింది.

నిజం రాయమన్నావు. గొర్రెలు సగానికి పైగా పోయాయి. పోయినవాటిని కుప్ప వేసి కాల్చాలి. అది నేనే చేస్తాను, నోరీన్‌ని రానివ్వను. ఆ వాసనకి ఇంట్లో అన్నం సహించడం లేదు. నోరీన్ నవ్వి ఎన్నాళ్ళయిందో. అలాగని ఇక్కణ్ణుంచి వెళ్ళిపోదామంటే నాకు మనసు రావడం లేదక్కా. పదహారేళ్ళు ఈ ఎర్ర నేలని నోరారా తిట్టాను. ఇప్పుడు వదిలి పొమ్మంటే, పనేమీ లేకపోయినా రోజూ కంచె చుట్టూ తిరిగొస్తున్నాను. నాకు ఈ చోటు ఇష్టం. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

నేను రాకపోయినా సరేనని నువ్వు దేవుడితో అన్నావని చదివిన చోట ఆగిపోయాను. లేచి బయటికెళ్ళాను. కంట్లో దుమ్ము పడిందని చెప్పాను. అదొక సుఖం, ఇక్కడ ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

మార్చిలో ఓడ ఒకటుందట. ఫిబ్రవరి ఆఖరు దాకా చూస్తాం. కోట్ల గురించి కోపగించుకున్నందుకు ఏమీ అనుకోకు. నోరీన్ తనదాన్ని మడిచి మా పెళ్ళి బట్టల పక్కన పెట్టింది.

నీ తమ్ముడు,
విల్ఫ్


స్కార్ బెక్
1966 జనవరి 9

విల్ఫ్ కన్నా,

క్రిస్మస్ నుంచి పంపినవి అన్నీ అందాయా? మడత పెట్టిన కాగితం మీద సన్నగా చుక్కలుంటే అది మిజిల్. చిరిగిపోయిన కాగితం మెట్ల కడ్డీలు, అది పట్టుకుని నిలబడ్డం నా వల్ల కాలేదు, ఐజాక్ పట్టుకున్నాడు. ఖాళీ కాగితం ఉమ్మడం. పెరట్లో అంతసేపు నిలబడితే ఒక్కటీ దాని మీద పడలేదు, అన్నీ నా ముక్కు మీదే.

పోస్టాఫీసులో ఆవిడ తడి ఉత్తరాలు తీసుకోనని పేచీ పెట్టింది. ఆస్ట్రేలియాకి వాన పంపుతున్నామమ్మా అని ఐజాక్ చెప్పాడు. అయితే ముందే చెప్పొచ్చుగా అని స్టాంపులు ఆవిడే అంటించింది. ఇప్పుడు లోయలో సగంమంది నిన్ను అడుగుతున్నారు. చర్చిలో పాస్టరు గారు కూడా మల్గా బోర్ పేరు చదివారు. మల్గా బ్రెడ్ అన్నారు, అయినా దేవుడికి అర్థమయ్యే ఉంటుంది.

పచ్చ కర్టెన్లు విప్పి మళ్ళీ కుట్టాను. ఈసారి తిన్నగా వచ్చాయి. మీరొచ్చినా రాకపోయినా కర్టెన్లు కర్టెన్లేగా.

హెట్టీ


మల్గా బోర్
1966 ఫిబ్రవరి 20

అక్కా,

కాస్త చెమ్మగా ఉంది.

ఈ ఒక్క ముక్క రాసి పంపుదామనుకున్నాను. నోరీన్ పీక పిసికేస్తానంది. అందుకని రాస్తున్నా, విను.

వారం కిందట మధ్యాహ్నం అందరం బార్లోనే ఉన్నాం. మబ్బు పట్టింది గానీ ఎవరూ తలెత్తి చూడలేదు. ఇదివరకు చాలాసార్లు పట్టి పోయింది, చూస్తే ఎక్కడ పారిపోతుందో అని. పైకప్పు రేకు మీద టక్‌మని ఒకటి పడింది. ఎవరూ కదల్లేదు. ఇంకోటి పడింది. చెవుడున్న క్లార్రీ అందరికంటే ముందు విన్నాడు. లేచి నిలబడి, జన్మంతా బారోడేల్‌లోనే బతికినవాడిలా, "ఉమ్ముతోంది" అన్నాడు. కాదు ఇది జల్లు అంది మేవిస్. ఉమ్మడమే, జల్లే, అని ఇద్దరూ పోట్లాటకి దిగారు. వాళ్ళు తేల్చుకునేలోపు రేకుల మీద చప్పుడు ఎంత పెరిగిందంటే ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. క్లార్రీ నా చెవిలో నోరు పెట్టి అరిచాడు: "మెట్ల కడ్డీలు! ఇప్పుడు తెలిసింది!" గోడ మీది నాన్న గొడుగు పీకి, బయటికెళ్ళి, తెరిచి, తలకిందులుగా పట్టుకున్నాడు. అందులో నీళ్ళు నిండాయి. అవి తాగాడు.

నేను బండెక్కి ఇంటికి బయల్దేరాను. బండి బురదలో దిగబడింది, వదిలేసి పరిగెత్తాను. నోరీన్ వాకిట్లో నిలబడి ఉంది, కోటు లేకుండా, జుట్టంతా మొహానికంటుకుపోయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలీలేదు, నేనూ అదే చేస్తున్నాను. జోసీ రేకుల మోతకి భయపడి ఎర్ర కోటుతో సహా బల్ల కింద దూరింది. చాలాసేపు బతిమాలితే ముందు చెయ్యి, తర్వాత ముక్కు, ఆ తర్వాత మొత్తం పిల్ల బయటికొచ్చింది.

సాయంత్రం ఎవరి మందలోంచి తప్పిపోయిందో, గొర్రెల కుక్కపిల్ల ఒకటి తడిసి వణుక్కుంటూ వరండా ఎక్కి, తిన్నగా ఆ అట్టపెట్టెలోకి దిగి పడుకుంది. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. జోసీకి ఆశ్చర్యమే లేదు. "అత్త చెప్పిందిగా" అంది. ఇప్పుడు మెట్ల మీద కూచుని ఉంది, పిల్లి కోసం.

వారమైంది, ఇంకా పడుతూనే ఉంది. వాగు నిండుగా పారుతోంది. ఎర్ర నేల మీద పచ్చగా మొలకలు, దగ్గరికెళ్తే కనపడవు, దూరం నుంచి చూస్తే కనపడతాయి. మిగిలిన గొర్రెలు బతుకుతాయి.

అక్కా, మేం ఉండిపోతున్నాం. ఓడ వద్దని రాసేశాను. ఈ వాక్యం రాయడానికి ధైర్యం చాలక వాన సంగతంతా ముందు రాశాను. నువ్వు గదికి సున్నం వేయించావు. కర్టెన్లు రెండుసార్లు కుట్టావు.

నీ విల్ఫ్


స్కార్ బెక్
1966 మార్చి 6

ఒరేయ్ విల్ఫ్,

చదివి వంటింట్లో గెంతాను. ఈ మోకాళ్ళతో! తర్వాత నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా మన ఊరి బార్‌కి వెళ్ళి, కుర్చీ ఎక్కి, మొదటి అక్షరం నుంచి చదివాను. నువ్వు చేసినదానికి ఇది చెల్లు. నాన్న మాట దగ్గర అందరూ బల్లలు చరిచారు. గొడుగు తాగిన మనిషి ఆరోగ్యం కోసమని ఐజాక్ గ్లాసెత్తాడు. అది క్లార్రీకి తప్పకుండా చెప్పు. జోసీకి పిల్లి ఇంకా పడకపోతే ఓపిక పట్టమను, వాటికి దిగడం ఆలస్యమవుతుంది.

ఉండిపోతున్నందుకు బాధపడకు. నువ్వా నేలని ఇష్టపడుతున్నావని రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. నేను మొక్కిందీ అదేగా. దేవుడు మొదటి మొక్కు వినకుండా రెండోది విన్నాడు, నాకు సంతోషంగా ఉంది. ఇది అబద్ధం కాదు. రెండు గదులూ మాంచెస్టర్ వాళ్ళకి ఇచ్చేశాను. కర్టెన్లు ఎంత బాగున్నాయో అన్నారు.

ఇక్కడొక వింత చూడు. మీకు వాన మొదలైనప్పట్నుంచి మాకు లేదు. మనది మొత్తం పంపేసినట్టున్నాం. మూడు వారాల నుంచి చెక్కుచెదరని ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. తువ్వాళ్ళన్నీ ఆరిపోయాయి. ఐజాక్ కాలవ ఎండిపోయి, పోట్లాడ్డానికి కూడా ఏమీ లేదు. బాతులు నా గుమ్మంలో నిలబడి నాదే తప్పన్నట్టు చూస్తున్నాయి. చూరు నుంచి చుక్క రాలని ఈ ఇంట్లో గడియారం చప్పుడు ఇంత గట్టిగా వినిపిస్తుందని నాకు తెలీదు. అందుకని పెరట్లోకి బల్ల తెచ్చుకుని, ఎండలో కూచుని రాస్తున్నాను.

నోరీన్‌కీ జోసీకీ ముద్దులు. కుక్కపిల్లకి ఏం పేరు పెట్టారో రాయి.

ఈ చివర సిరా రెండు చోట్ల అలుక్కుపోయింది, చూసి కంగారు పడకు. ఇప్పుడే కాస్త ఉమ్మింది, అంతే.

నీ అక్క,
హెట్టీ